బండలే పలక: మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఇంటి పనుల్లోనే చదువు నేర్పడం ఎలా

మా పాపకు నాలుగేళ్లు నిండకముందే బడి నుంచి రోజూ నాలుగు పేజీల రాత ఇచ్చి పంపేవాళ్లు. సాయంత్రమైతే ఇంట్లో ఏడుపే. వేళ్లు నొప్పెడుతున్నాయని పాప, రేపు మేడమ్ ఏమంటారోనని నేను. ఒకరోజు రాత మధ్యలోనే లేచిపోయి, పంచలో శెనక్కాయలు ఒలుస్తున్న మా అత్త పక్కన కూర్చుంది. కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపేది, "అవ్వా, దీంట్లో రెండున్నాయి" అనేది, ఒలిచి చూసుకునేది. అరగంట కదల్లేదు. పెన్సిల్ పట్టలేక ఏడ్చిన వేళ్లే గట్టి తొక్కను చిట్లించాయి. లెక్క రాదనుకున్న పిల్ల మూడు గింజల కాయల్ని వేరే కుప్ప పోసింది.

ఈ వయసు పిల్లలకు కావలసిన చదువు చాలావరకు ఇంటి పనిలోనే ఉందని ఆ సాయంత్రం నాకు తెలిసొచ్చింది. మనం చేయాల్సిందల్లా ఆ పనిని కాస్త నెమ్మదిగా చేసి, పక్కన వాళ్లకు చోటివ్వడం. ఇప్పుడు మా చిన్నోడికి మూడున్నరేళ్లు. కడపలో మామూలు ఇల్లు మాది, ఖరీదైన ఆటవస్తువులేం లేవు. పాపతో, వాడితో నేను చేసి చూసినవే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

రోజుకు అరగంట చాలు. అదీ ఒకే బిగిన వద్దు. ఈ వయసు పిల్లలు ఒక పని మీద అయిదు పది నిమిషాలు కుదురుగా ఉంటే అదే ఎక్కువ. పొద్దున కూరగాయలు తరిగేటప్పుడు ఒక పది నిమిషాలు, మధ్యాహ్నం బండలు తుడిచేటప్పుడు ఒక పది, రాత్రి పడుకునే ముందు ఇంకో పది. పని మధ్యలో లేచి వెళ్లిపోతే పోనివ్వండి, వెనక్కి పిలవద్దు.

ఒక అట్టపెట్టె తీసుకొని అందులో ఇవి వేసి పెట్టండి: సుద్దముక్కలు, గోడలకు రంగు వేసే పాత బ్రష్ ఒకటి, రెండు చిన్న స్టీలు గ్లాసులు, సీసా మూతలు ఒక ఇరవై (మరీ చిన్నవి వద్దు), బట్టలారేసే క్లిప్పులు, రంగురంగుల గుడ్డముక్కలు, వెనక ఖాళీగా ఉన్న పాత పెళ్లిపత్రికలు. 2023లో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం "జాదుయీ పిటారా" అనే పెట్టెను తెచ్చింది. అందులోనూ బొమ్మలు, పజిళ్లు, కథల కార్డుల వంటివే ఉంటాయి. మన ఇంటి పెట్టె దానికి చెల్లెలు అనుకోండి. వారానికోసారి రెండు వస్తువులు తీసేసి వేరే రెండు వేస్తే పిల్లలకు అది ఎప్పుడూ కొత్తదే.

తొందరెందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ, అందులో నేర్పే పద్ధతి ఆటే. పక్కింటి పిల్లాడు మూడేళ్లకే వంద దాకా రాస్తున్నాడని మనసు కొట్టుకుంటుంది, నాకూ కొట్టుకుంది. అలాంటప్పుడు ఈ ఆరేళ్ల మాట గుర్తుచేసుకోండి.

బండ మీద రాత

మన కడప ఇళ్లలో పలక కొనక్కర్లేదు. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే నల్లబండలు ఇంటి నిండా పరిచి ఉన్నాయి. పాలిష్ చేయని బండ ఆరినప్పుడు బూడిదరంగులో ఉంటుంది, తడిస్తే నల్లగా మారుతుంది. ఈ గుణమే మనకు పనికొస్తుంది. మీ ఇంట్లో టైల్స్ వేసి ఉంటే బయటి మెట్టో, అరుగో, మిగిలిపోయిన బండముక్కో చూసుకోండి.

మొదట సుద్దముక్క ఇవ్వకండి. చెంబులో రెండు గుక్కల నీళ్లు, బ్రష్ ఇవ్వండి. బండంతా "రంగు" వేయమనండి. భుజం దగ్గర నుంచి చెయ్యి మొత్తం కదలాలి. భుజం, మోచెయ్యి, మణికట్టు బలపడ్డాకే వేళ్లకు రాత పట్టుబడుతుంది. నాలుగు పేజీల రాత మా పాప చేతికి ఎందుకు బరువైందో ఇది తెలిశాకే నాకు అర్థమైంది. ఎండాకాలంలో గీసిన గీత చూస్తుండగానే ఆరిపోతుంది. "అమ్మా, నీళ్లు ఎక్కడికి పోయినాయి?" అని పిల్లలే అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి, మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగండి. మా చిన్నోడు "బండ తాగేసింది" అన్నాడు. సరే, నీడలో ఉన్న బండ మీద కూడా రాసి ఏది ముందు ఆరుతుందో చూద్దామన్నాను. ఎండలోది ముందు ఆరింది. కాసేపు ఆలోచించి, "ఎండ కూడా తాగింది" అన్నాడు. మూడున్నరేళ్లకు ఆ జవాబు చాలు.

వారం పది రోజులు నీళ్లతో ఆడాక సుద్దముక్క తీయండి. పొడుగుదాన్ని విరిచి అంగుళం ముక్క ఇవ్వండి. చిన్నముక్కను గుప్పెట్లో పట్టుకోవడం కుదరదు కాబట్టి వేళ్ల కొసలతోనే పట్టుకుంటారు. "ఇలా పట్టుకో, అలా పట్టుకో" అని చెప్పే పనే ఉండదు.

గీతలకు ఒక వరుస ఉంది. మూడేళ్లప్పుడు నిలువు గీత, అడ్డగీత, సున్న వస్తాయి. నాలుగేళ్లకు కూడిక గుర్తు. నాలుగున్నర, అయిదుకు చతురస్రం. త్రిభుజం అన్నిటికన్నా ఆలస్యం, అయిదేళ్లు వచ్చాకే. ఏటవాలు గీతలు చేతికి కష్టం మరి. కొందరు ముందు, కొందరు వెనక. ఈ వరుస తెలిస్తే, మూడేళ్ల పిల్లను త్రిభుజం రాలేదని కోప్పడం.

మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి సున్న మీద ఎక్కువ రోజులు ఉండండి. పెద్ద సున్న గీసి "ఇది సంగటి ముద్ద" అనండి, చిన్న సున్న గీసి "ఇది ఎర్రగడ్డ" అనండి. దాని పక్కనే వాళ్లను గీయమనండి. సున్న రెండు కొసలూ కలిసేలా గీయడం వచ్చాక దాని మీద తలకట్టు పెడితే "ర" అవుతుంది, "ర" లోపల చుక్క పెడితే "ఠ" అవుతుంది. అ, ఆ లతో మొదలుపెట్టాలనే మనకు అలవాటు, కానీ ఆ రెండూ చేతికి చాలా వంకరలు. నోటితో అ, ఆ చదవనివ్వండి. చేత్తో మాత్రం "ర" ముందు రానివ్వండి.

పొద్దున ముగ్గు వేసేటప్పుడు మూడు వరుసల చుక్కలు పెట్టి, ఒక మూల వాళ్లకు వదిలేయండి. వంకరగా కలిపినా చెరపకండి. వీధిలో పోయేవాళ్లు చూస్తారని మా అత్త మొదట్లో సరిదిద్దేది. ఇప్పుడు ఆమే "ఇది మా మనవడు వేసిన ముగ్గు" అని చూపిస్తోంది.

ఆట అయ్యాక తడిగుడ్డతో బండ తుడిచే పని కూడా వాళ్లదే. గుడ్డ పిండటం మణికట్టుకు మంచి పని. తడిబండ మీద మాత్రం పరుగెత్తనివ్వకండి, జారుతుంది.

శెనక్కాయల దగ్గర

ఈ ఆట మా ఇంట్లో ఎప్పటికీ పాతబడలేదు. ఇలా చేయండి.

1. చాటలో ఒక గుప్పెడు కాయలు పోయండి. గంప మొత్తం పెడితే బెదిరిపోతారు.
2. ఒక కాయ ఊపి వినిపించి, "లోపల ఎన్ని ఉంటాయి?" అని అడగండి. ఏ జవాబు చెప్పినా "ఒలిచి చూద్దాం" అనండి.
3. ఒలవడం చేతకాకపోతే కొస దగ్గర మీరు కొద్దిగా చిట్లించి ఇవ్వండి. మిగతాది వాళ్లే.
4. ఒక గింజ ఉన్నవాటి తొక్కలు ఒకచోట, రెండువి ఒకచోట, మూడువి ఇంకోచోట పెట్టించండి.
5. చివర్లో "ఏ కుప్ప పెద్దది?" అని అడగండి. లెక్కపెట్టక్కర్లేదు, చూసి చెబితే చాలు.

ఊహించడం, విప్పి సరిచూసుకోవడం, వేరుచేయడం, ఎక్కువ తక్కువ చెప్పడం అన్నీ ఒక గుప్పెడు కాయల్లో అయిపోయాయి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. అయిదేళ్లలోపు పిల్లలకు శెనగింజలు గింజలుగా తినిపించకండి. గుండ్రంగా, గట్టిగా, నున్నగా ఉండే గింజ నవ్వుతున్నప్పుడో ఏడుస్తున్నప్పుడో ఊపిరి గొట్టంలోకి జారిపోతుంది. ఊరిబిండి (శెనక్కాయల పచ్చడి)గానో, పొడిగానో పెట్టండి. ఒలిచిన గింజలు ఎప్పటికప్పుడు మీ దగ్గరి గిన్నెలోకి రావాలి, మీరు అక్కడి నుంచి లేవకూడదు. ఏదైనా గొంతులో అడ్డుపడి పిల్ల దగ్గలేక, ఏడవలేక పోతుంటే, ఏడాది దాటిన పిల్లలకు ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో అయిదు దెబ్బలు కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకొని బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ఇంకొకరిని 108కి ఫోన్ చేయమనండి. ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఇది తెలిసి ఉండాలి.

వేరుచేసే ఆటకు చింతపిక్కలు, అలసందలు, కందులు వాడేటప్పుడు కూడా అంతే జాగ్రత్త. ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు ఇది. ముందు పెద్ద వస్తువులతో మొదలుపెట్టండి: ఎర్రగడ్డలు ఒక గంపలో, ఉర్లగడ్డలు ఒక గంపలో. ఆముదం గింజలు, గురివింద గింజలు మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. గురివింద ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉంటుంది కానీ రెండూ విషమే.

పోయడం, ఒంపడం

పిల్లలు నీళ్లు ఒలకబోస్తారని మనం గ్లాసు లాక్కుంటాం. ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన పిల్లల బడిలో ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడం, గుండీలు పెట్టుకోవడం వంటి ఇంటి పనులనే పాఠాలు చేసింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చింది. మన వంటింట్లో ఆ బడికి కావలసినవన్నీ ఉన్నాయి.

పెద్ద పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టండి. మొదట కొర్రలు గానీ బియ్యం గానీ పోసి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయించండి. ఒలికినవి పళ్లెంలోనే ఉంటాయి, ఏరి మళ్లీ గ్లాసులో వేయడం కూడా వేళ్లకు పనే. నాలుగైదు రోజులయ్యాక నీళ్లు. ఆ తర్వాత మజ్జిగ పోయమనండి, ఇంట్లో అందరికీ. మా చిన్నోడు వాళ్ల నాయనకు మజ్జిగ పోసిన రోజు ఎంత పెద్దమనిషి అయిపోయాడో చెప్పలేను.

పొడుగు గ్లాసులోని నీళ్లు వాళ్ల ముందే వెడల్పు గిన్నెలోకి పోసి "ఎక్కువయ్యాయా, తగ్గాయా?" అని అడగండి. తగ్గాయనే చెబుతారు. జాన్ పియాజే అనే శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడు. ఆరేడేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలకు ఎత్తుగా కనబడేదే ఎక్కువ. తప్పని చెప్పి ఒప్పించే ప్రయత్నం వద్దు, మళ్లీ గ్లాసులోకి పోసి చూపించి వదిలేయండి. వయసొచ్చినప్పుడు వాళ్లే పట్టుకుంటారు.

నిమ్మకాయ నీళ్లు కలిపే రోజు పళ్లెం తప్పనిసరి. మనవి సున్నపురాయి బండలు, నిమ్మరసం పడితే మచ్చ పోదు. ఆట అవగానే బకెట్లు, టబ్బులు ఖాళీ చేసి బోర్లించండి. చిన్నపిల్లలకు రెండంగుళాల నీళ్లు కూడా ప్రమాదమే.

లెక్క

ఒకటి నుంచి వంద దాకా అప్పజెప్పడం లెక్క రావడం కాదు, అది పాట రావడం. రాత్రి అన్నానికి "అందరికీ తలా ఒక పళ్లెం పెట్టు" అనండి. నాయనకొకటి, అవ్వకొకటి, అక్కకొకటి. ఒక మనిషికి ఒక వస్తువు అని చెయ్యి పెట్టి కలపడమే లెక్కకు పునాది. పెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే ఇంకా పట్టుబడలేదని అర్థం. "అయిదు" అని ఒక్కమాటలో చెబితే, చివర చెప్పిన అంకే మొత్తమని తెలిసిపోయిందన్నమాట. ఇది రావడానికి మా పాపకు నెలలు పట్టింది.

మిద్దె మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టండి, దిగుతూ వెనక్కి లెక్కపెట్టండి. బండి మీద ఏడురోడ్ల కూడలి దాటేటప్పుడు "ఏడు రోడ్లంటే ఎన్ని వేళ్లు?" అని అడగండి. కూడలి పేరులోనే అంకె ఉందని తెలిసినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి.

మాట, అక్షరం

తెలుగు పిల్లలకు ఒక సుళువు ఉంది. మన మాటను పలికేటప్పుడు ఎన్ని తునకలుగా విరుగుతుందో, రాసేటప్పుడు కూడా దాదాపు అన్ని అక్షరాలే. అందుకే చప్పట్ల ఆట ఆడించండి. చీ-నీ-కా-య, నాలుగు చప్పట్లు. అ-ర-టి, మూడు. బ-డి, రెండు. రైతుబజారులో సంచి పట్టుకొని నడుస్తూ ప్రతి కూరగాయకూ ఇది చేయొచ్చు. అక్షరాలు చూడకముందే చెవికి మాట విడగొట్టడం వస్తే, తర్వాత చదవడం కష్టం కాదు.

మొదట చదివించే మాట ఏదని నన్నడిగితే మన ఊరి పేరే అంటాను. "కడప"లో దీర్ఘం లేదు, గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. మూడు శుద్ధమైన అక్షరాలు. బస్సుల మీద, దుకాణాల బోర్డుల మీద ఎటు చూసినా ఉంటుంది. ఒక పెళ్లిపత్రిక వెనక పెద్దగా "కడప" అని రాసి చేతికివ్వండి. బయటికి వెళ్లినప్పుడు అలాంటిదే వెతకమనండి. నాలుగేళ్లు దాటిన పిల్లలైతే వారంలో గుర్తుపడతారు. ఆ తర్వాత "క" తీసి "గ" పెట్టి, ఇంటి గడప చూపించండి. తిరుమల కొండకు ఇది గడప కాబట్టే మన ఊరికి ఈ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు, ఆ కథ కూడా చెప్పండి. పలక, పడక, పడవ అని ఒక్కో అక్షరం మారుస్తూ పోవచ్చు. రాయమని మాత్రం అడగకండి, కార్డులు పక్కపక్కన పెట్టి జరిపితే చాలు.

మీ వీధిలో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే వాళ్లతో బాగా ఆడనివ్వండి. రెండు భాషలు కలిస్తే పిల్లలు తికమకపడతారని భయపడాల్సిన పని లేదు. మావాడు పక్కింటి పిల్లలతో "పానీ" అంటాడు, ఇంట్లోకి వచ్చి "నీళ్లు" అంటాడు. ఎవరితో ఏది మాట్లాడాలో వాడికి తెలుసు.

ఫోను గురించి

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం మూడు నాలుగేళ్ల పిల్లలకు కూర్చొని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. రోజులో మూడు గంటలు ఒళ్లు కదిలే ఆట ఉండాలి, అందులో ఒక గంట కాస్త ఆయాసం వచ్చేలా. మన ఎండల్లో ఆ గంట పొద్దున ఎనిమిదిలోపో, సాయంత్రం ఆరు తర్వాతో దొరుకుతుంది. మధ్యాహ్నాలే కష్టం. బండ మీద నీళ్లాట, శెనక్కాయలు, పోయడం మధ్యాహ్నాలకు పెట్టుకోమనేది అందుకే.

మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి చెప్పకపోయినా, పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా "వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఆగకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే ఎప్పుడొస్తారో చెబుతారు.

రాత్రి పది నిమిషాలు

దీపం ఆర్పి, టార్చి వేసి గోడ మీద చేతులతో కుక్క, పక్షి నీడలు చేయండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులు ఇదే వెలుగునీడలతో తెల్లవార్లూ కథ ఆడించేవాళ్లు. ఆ నీడలతోనే పగలు జరిగింది కథగా చెప్పండి: "ఒక ఊర్లో ఒక పిల్లోడు ఉన్నాడంట, వాడు ఈ పొద్దు బండకు నీళ్లు తాపినాడంట." సగంలో ఆపి "తర్వాత?" అనండి. వాళ్లు ఏం చెబితే అది, తప్పులు దిద్దకుండా, వాళ్ల మాటల్లోనే పెళ్లిపత్రిక వెనక రాయండి. రాస్తుంటే పక్కనుంచి చూడనివ్వండి. తర్వాత వేలు పెట్టి చదివి వినిపించండి. కింద తేదీ వేసి, ఆ కార్డును అట్టపెట్టెలో దాచండి. మరుసటి రాత్రి అదే చదవమని అడుగుతారు.